ఖాళీ కడుపు మేస్త్రీ

బాయిలర్ లోపలికి దిగే రోజున ఏమీ తినకూడదని మేస్త్రీకి ఆయన గురువు చెప్పాడు. ఆ గురువుకి ఆయన గురువు చెప్పాడు. ఆ పై గురువు ఒకసారి నిండు కడుపుతో దిగి, లోపల గొట్టాల మీద బోర్లా పడుకుని పని చేస్తూ, మధ్యలో వాంతి చేసుకున్నాడట. ఆ ఒక్క వాంతి మీద మూడు తరాల శాస్త్రం నిలబడింది.

మేస్త్రీ ఈ శాస్త్రాన్ని ఇరవై రెండేళ్ళు తు.చ. తప్పకుండా పాటించాడు. దిగే రోజే కాదు, దిగని రోజు కూడా. పిలుపు ఎప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు కదా అనేవాడు. హాస్పిటల్ లాండ్రీ, అద్దకం మిల్లు, సబ్బుల ఫ్యాక్టరీ, రెండు పెద్ద హోటళ్ళు. ఊళ్ళో ఆవిరి పుట్టే చోటల్లా బాయిలర్లు విప్పి, కడిగి, లోపల చూసి, బాగుందో లేదో కాగితం మీద రాసిచ్చేది ఆయనే. నెలకి రెండు పిలుపులు వస్తే గొప్ప. పస్తు మాత్రం నెలకి ముప్ఫై రోజులూ ఉండేది, మధ్యాహ్నం ఒకటిన్నర దాకా.

ఒకటిన్నరకి ఆయన చేతులు కడుక్కుని, దగ్గర ఎవరుంటే వాళ్ళకి ఒక ప్రకటన చేసేవాడు.

"పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

అది అబద్ధం కాదు. ఆయన తిండి విషయంలో ఉన్న ఒకే ఒక్క నిజం అది. దాన్ని అడ్డం పెట్టుకుని మిగతాదంతా నడిచిపోయేది. క్యాంటీన్‌లో మొదటి రెండు ప్లేట్లూ నమలకుండానే వెళ్ళిపోయేవి. మూడో ప్లేటు దగ్గర ఆయన నమలడం మొదలుపెట్టేవాడు. నాలుగోది పెట్టేటప్పుడు, కూరలో ఉప్పు కొంచెం తగ్గింది సుమా అనేవాడు. అప్పటికి గాని రుచి తెలిసేది కాదు.

ఇంటికి వచ్చాక తిన్నది ఆయన దృష్టిలో తిండి కాదు. నిలబడి తిన్నది తిండి కాదు. పొట్లంలోంచి తిన్నది తిండి కాదు. కూతురు కంచంలో వదిలేసింది పారేయడం ఇష్టంలేక తిన్నది అసలే కాదు. కేకు కోసేటప్పుడు అంచు వంకరగా వచ్చిందని చాకుతో సరిచేస్తూ పోతే, సరిచేయడానికి కేకు మిగిలేది కాదు. పనిముట్ల పెట్టెలో పై అరలో స్పానర్లు, కింది అరలో బిస్కెట్ ప్యాకెట్లు ఉండేవి. కూర్చుని, కంచం ముందు పెట్టుకుని తిన్నది మాత్రమే భోజనం. ఆ రకంగా చూస్తే ఆయన రోజుకి ఒక్కపూట తినే మనిషి. ఒక్కపూట తినే మనిషి ఇంత లావు ఎందుకయ్యాడో ఆయనకే అర్థమయ్యేది కాదు. వంశం అనేవాడు. తండ్రి ఫోటోలో ఎముకల గూడులా ఉండేవాడు.

బాయిలర్ పక్క రేకులో, కాస్త ఎత్తున, కోడిగుడ్డు ఆకారంలో ఒక కన్నం ఉంటుంది. పొడవు పదహారు అంగుళాలు, వెడల్పు పన్నెండు. మనిషి లోపలికి వెళ్ళడానికి అదొక్కటే దారి. మేస్త్రీ ఆ దారిన పోవడం మానేసి రెండేళ్ళయింది. మానేశానని ఆయన అనుకోలేదు. "ఈసారి నువ్వు దిగరా, నీకూ చెయ్యి తిరగాలి కదా" అన్నాడు బావమరిదితో, మొదటిసారి. రెండోసారి మోకాలు నొప్పి అన్నాడు. మూడోసారి ఏమీ చెప్పలేదు. బావమరిదీ అడగలేదు. అతను భార్యకి తమ్ముడు, ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, పదకొండేళ్ళుగా మేస్త్రీ దగ్గరే పని. సన్నగా పొడుగ్గా ఉంటాడని ఫ్యాక్టరీల్లో అందరూ 'పుల్ల' అనేవారు. మేస్త్రీని, ఆయన వెళ్ళిపోయాక, 'డ్రమ్ము' అనేవారు.

పుల్ల లోపలికి దిగేవాడు. డ్రమ్ము బయట స్టూలు వేసుకుని, కన్నంలోకి టార్చి కొట్టి అడిగేవాడు.

"కుడి పక్క అతుకు ఎలా ఉంది?"

"బాగానే ఉంది బావా."

"అడుగున?"

"తుప్పు మరక."

"మరకేనా?"

"మరకే బావా. ఇక్కడన్నీ మరకలే."

ఆ తరువాత మేస్త్రీ తనిఖీ కాగితం మీద సంతకం పెట్టేవాడు. సంతకానికి పైన అచ్చులో ఒక వాక్యం ఉండేది: లోపలి భాగమంతా నేను స్వయంగా చూశాను. మేస్త్రీ ఎడమచేతి బొటనవేలు 'స్వయంగా' మీద ఆనించి, కాగితం కదలకుండా పట్టుకుని సంతకం చేసేవాడు.

హాస్పిటల్‌కి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చదివింది. అంతకుముందు ఎవరూ చదివిన పాపాన పోలేదు. లాండ్రీ వెనక గదిలో, బాయిలర్ పక్కనే నిలబడి చదివింది.

"ఇది మీ సంతకమేనా మేస్త్రీ గారూ?"

"నాదేనండి."

"లోపలికి మీరే దిగారా?"

మేస్త్రీ బావమరిది వైపు చూశాడు. బావమరిది మసి అంటిన తన మోచేతుల వైపు చూసుకున్నాడు. ఇంజనీరు గోడకి వేలాడుతున్న టేపు తీసుకుని కన్నం కొలిచింది. "పదహారు, పన్నెండు" అని పైకే చదివింది. మేస్త్రీని కొలవలేదు. అది ఆవిడ మర్యాద. పక్క గదిలో దుప్పట్లు మడత పెడుతున్నవాళ్ళకి అంత మర్యాద లేదు. వాళ్ళు చూపులతో కొలిచేసి, మడతలో మొహం దాచుకుని నవ్వుకున్నారు.

ఆవిడ పని బట్టలు వేసుకుని తానే దిగింది. ఇరవై నిమిషాలు ఉంది. మేస్త్రీ బయట టార్చి పట్టుకున్నాడు.

"నాకు లోపల అంతా ఒకేలా కనిపించింది" అంది పైకి వచ్చాక. "ఏది మరకో ఏది దెబ్బో పోల్చుకోవడం నాకు రాదు. మీ బావమరిదికీ రాదనుకుంటాను."

"రాదు మేడమ్" అన్నాడు పుల్ల, కాస్త ముందే సిద్ధంగా ఉన్నట్టు.

"ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో మీరొక్కరే అంటున్నారు. మీరేమో బయట కూర్చుంటున్నారు. ఇప్పటికి ఆవిరి ఒత్తిడి సగానికి తగ్గించి నడిపిస్తాను. ఆరు నెలలకి మళ్ళీ తెరుస్తాం. మీరు దిగి చూస్తే మీ సంతకం తీసుకుంటాను. దిగలేకపోతే వేరే ఊరి కంపెనీని పిలుస్తాను. మిగతా ఫ్యాక్టరీలవాళ్ళు నన్నడిగితే వాళ్ళకీ అదే చెప్తాను."

వాళ్ళు అడుగుతారని మేస్త్రీకి తెలుసు. ఇరవై రెండేళ్ళ పని పన్నెండు అంగుళాల దగ్గర ఆగిపోయింది. ఆ రోజు క్యాంటీన్‌లో ఆయన ఐదు ప్లేట్లు తిన్నాడు. ఐదోది దుఃఖంతో తిన్నాడు.

మేస్త్రీ భార్య ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆయన వచ్చి విషయం చెప్పేటప్పుడు ఆవిడ మిషను ఆపలేదు.

"ఆరు నెలల్లో తగ్గాలి."

"ఎంత?"

"కన్నం చుట్టుకొలత నలభై నాలుగు. నా నడుము నలభై ఆరో, నలభై ఏడో ఉంటుంది. ఎన్నాళ్ళో పట్టదు."

"నలభై తొమ్మిదిన్నర" అంది ఆవిడ.

"నువ్వెప్పుడు కొలిచావు?"

"పోయిన నెల మీ ప్యాంట్లు వదులు చేసినప్పుడు."

"నేను చెయ్యమన్లేదే."

"పదేళ్ళుగా మీరు చెప్పకుండానే చేస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు. లేకపోతే మీకు ఎప్పుడో తెలిసేది."

మేస్త్రీ వంగి నడుము పట్టీ లోపలి వైపు తిప్పి చూసుకున్నాడు. చెట్టు కాండంలో వలయాల్లాగా పాత కుట్ల గుర్తులు వరసగా ఉన్నాయి.

"నాకు తెలియకూడదనే చేశావా?"

"మీరు పొద్దున్నే గుండీ పెట్టుకోలేక గోడ పట్టుకుని గింజుకుంటుంటే చూడలేక చేశాను. ఇంక చెయ్యను. ఇక మీరూ, మీ గోడా."

మేస్త్రీ పనిమంతుడు. మర్నాడే ఇనుప చువ్వ వంచి, పదహారు బై పన్నెండు కొలతతో ఒక వలయం చేసి, రెండు కొసలూ అతికించి, వెనక వసారాలో మేకుకి తగిలించాడు. ప్రతి ఆదివారం ఒక చెయ్యి పైకెత్తి దాన్ని తలమీదుగా దించుకోవాలి. అది నడుము దాటి కింద పడిన రోజు ఆయన బాయిలర్ కన్నంలో పడతాడు. మొదటి ఆదివారం అది పక్కటెముకల కింద ఆగి, బీరువాకి వేసిన గొలుసులా నిలబడిపోయింది. తీయడానికి భార్య, కూతురు చెరో వైపూ పట్టాల్సి వచ్చింది.

ఆ తరువాత ఆయన పస్తులు పెంచాడు. తెలిసిన విద్య అదొక్కటే. ఒకటిన్నర దాకా ఉండే పస్తు నాలుగింటి దాకా, నాలుగింటి దాకా ఉండేది ఆరింటి దాకా. ఒక వారం నిమ్మరసం నీళ్ళు. ఇంకో వారం ఉడకబెట్టిన ఆకులు, వాటిని ఉడకబెట్టిన నీళ్ళు. ఏం చేసినా సాయంత్రానికి చెయ్యి దానంతటదే పనిముట్ల పెట్టె కింది అరలోకి వెళ్ళిపోయేది. మొదటి బిస్కెట్ ఆకలికి. రెండో ప్యాకెట్ నుంచి ఎందుకు తింటున్నాడో ఆయనకి తెలిసేది కాదు. చెయ్యి ఎవరిదో, నోరు ఎవరిదో అన్నట్టు జరిగిపోయేది. ప్యాకెట్ అడుగున పొడి తగిలినప్పుడు గాని మెలకువ వచ్చినట్టుండేది కాదు. అప్పుడు సిగ్గేసేది. సిగ్గేసినందుకు రేపంతా కడుపు మాడ్చుకుంటానని ఒట్టు పెట్టుకునేవాడు. మాడ్చుకునేవాడు కూడా, మాట తప్పే మనిషి కాదు. మాడిన కడుపు మళ్ళీ సాయంత్రం పెట్టె దగ్గరికి తీసుకొచ్చేది.

ఏడో ఆదివారం వలయం నడుము దాటింది. తొడల మీంచి జారి ఘల్లుమని నేలమీద పడింది. కూతురు చప్పట్లు కొట్టింది. మేస్త్రీ ఏదో చిన్న విషయం అయినట్టు చెయ్యి ఊపాడు. భార్య మెడలో వేలాడుతున్న టేపు తీసుకుని వచ్చి, ఆయన్ని కాకుండా, వలయాన్ని కొలిచింది.

"నలభై తొమ్మిది" అంది.

చువ్వలో కొత్తగా ఐదు అంగుళాల ముక్క అతికి ఉంది. అతుకు ఎంత నున్నగా ఉందంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. జీవితమంతా అతుకులు పట్టుకుంటూ బతికిన మనిషి చేసిన అతుకు.

"నాన్నా" అంది కూతురు. పదహారేళ్ళ పిల్ల, ఎక్కడ ఆపాలో ఇంకా తెలియదు. "హాస్పిటల్ బాయిలర్‌కి కూడా ఓ ముక్క అతికించెయ్యరాదూ. గొడవ వదిలిపోతుంది."

మేస్త్రీ మొహం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపటి దాకా రాలేదు.

మధ్యాహ్నం పుల్ల భోజనానికి వచ్చాడు. అక్క చెప్పిందంతా విని, రొట్టె తుంచుకుంటూ, తింటూ కూర్చున్నాడు. ఎదురుగా మేస్త్రీ నిమ్మరసం నీళ్ళతో కూర్చున్నాడు. పుల్ల తినడం ఆయనకి చూడబుద్ధి కాలేదు, చూడకుండానూ ఉండలేకపోయాడు. వాడు ముక్క నోట్లో పెట్టుకుని, అది అయ్యేదాకా ఇంకోటి తుంచడు. మధ్యలో మాట్లాడతాడు. మధ్యలో కిటికీలోంచి బయటికి కూడా చూస్తాడు.

"బావా, ఒకమాట చెప్తాను. కోప్పడకూడదు."

"కోప్పడే ఓపిక లేదురా, చెప్పు."

"నేను తినే దిగుతాను."

"ఎక్కడికి?"

"బాయిలర్‌లోకి. రెండు గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు, టీ. షెడ్డు వెనక తినేసి వస్తాను."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"పదకొండేళ్ళా?"

"పదకొండేళ్ళూ."

"దిగేముందు ప్రతిసారీ అడిగాను కదరా. ఖాళీ కడుపేనా అని. ఖాళీ కడుపే బావా అన్నావు."

"నువ్వు ఆ మాట వినాలని అడుగుతావు కదా బావా. అందుకని అన్నాను."

"వాంతి రాలేదా?"

"ఒక్కసారీ రాలేదు. ఒకరోజు తినకుండా దిగాను. ఆ రోజే కళ్ళు తిరిగాయి."

మూడు తరాల శాస్త్రం రెండు గుడ్ల ముందు నిలవలేకపోయింది. మేస్త్రీ తలుపు వైపు చూశాడు, చచ్చిపోయిన గురువు అక్కడ నిలబడి వింటున్నట్టు.

"ఇన్నాళ్ళూ చెప్పనివాడివి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"నువ్వు దిగకపోతే రెండే జరుగుతాయి. బయటి కంపెనీ వస్తే నా పని పోతుంది. రాకపోతే సంతకం నన్ను పెట్టమంటారు. నాకు రెండూ వద్దు. అది పేలితే ముందు అడిగేది సంతకం ఎవడిదని." రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, అది అయ్యాక అన్నాడు: "నువ్వు పస్తున్నందుకే ఇలా అయ్యావు బావా. పొద్దున్న ఇంత తింటే సాయంత్రం అంత పట్టదు నీకు."

"తినమని చెప్తున్నావు నాకు. లావు తగ్గడానికి."

"అవును."

"విన్నావుటే?" అన్నాడు మేస్త్రీ భార్యతో.

"విన్నాను" అంది భార్య. "రేపు ఏడింటికి బల్ల దగ్గర కూర్చోండి."

పస్తుండమంటే భయపడని మనిషి పొద్దున్నే ఒక కంచం చూసి భయపడ్డాడు. ఏడింటికే మొదలుపెడితే రాత్రి దాకా ఆగలేనేమో అనుకున్నాడు. మొదటి వారం ఆ అనుమానమే నిజమైంది. పొద్దున్న గుడ్లూ రొట్టే తిన్నాడు, మధ్యాహ్నం అలవాటు ప్రకారం నాలుగు ప్లేట్లూ తిన్నాడు. రెండు కిలోలు పెరిగాడు. పుల్ల నాలుగు రోజులు ఆ ఇంటి వైపు రాలేదు.

భార్య మాత్రం పద్ధతి మార్చలేదు. ఏడింటికి, ఒంటిగంటకి, ఏడున్నరకి భోజనం. నాలుగింటికి ఒక పండు. ఏది తిన్నా కూర్చుని, కంచంలో పెట్టుకుని తినాలి. ఒక్క బిస్కెట్ అయినా సరే, కంచం తెచ్చుకోవాలి. ఈ చివరిది మేస్త్రీకి తలవంపులుగా ఉండేది. పెద్ద కంచం మధ్యలో ఒంటరిగా ఒక బిస్కెట్, దాని ముందు బాయిలర్ మేస్త్రీ. ప్యాకెట్‌లోంచి తింటే పాతిక తినేవాడు. కంచంలో పెట్టుకుంటే ఆరో దానికోసం లేచి వెళ్ళడానికి మొహం చెల్లేది కాదు, ఎందుకంటే కూతురు అటే చూస్తూ ఉండేది.

మూడో వారం ఒక విచిత్రం జరిగింది. అద్దకం మిల్లు క్యాంటీన్‌లో ఒంటిగంటకి చేతులు కడుక్కుని, అలవాటుగా నోరు తెరిచాడు. 'పొద్దున్నుంచి' అనబోయి ఆగిపోయాడు. పొద్దున్న తిన్నాడు. ప్రకటన చేయడానికి ఏమీ లేదు. ప్రకటన లేకుండా నాలుగు ప్లేట్లు అడగడం ఆయనకి ఎప్పుడూ అలవాటు లేదు. రెండు తిన్నాడు. రెండూ నమిలాడు. ఆ క్యాంటీన్ కూర అసలేమీ బాగుండదని ఇరవై రెండేళ్ళకి తెలిసింది.

అక్కడితో మారిపోయాడనుకుంటే పొరపాటు. మూడో నెలలో సబ్బుల ఫ్యాక్టరీవాళ్ళు పని బాగా చేశాడని ఒక కేకు పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్దామనే బయల్దేరాడు. గేటు దాటి, ఇసుక లారీ వెనక నిలబడి, మూతతోనే కోసుకుంటూ మొత్తం తినేశాడు. ఇంటికి వచ్చి ఎవరూ అడగకుండానే ఒప్పేసుకున్నాడు. మీసం మీద క్రీము ఉంది కాబట్టి అడగాల్సిన అవసరమూ లేదు.

"ఇప్పుడు భోజనం వద్దు. రేపు కూడా ఏమీ తినను. బుద్ధి రావాలి నాకు" అన్నాడు.

"ఏడున్నరకి వడ్డిస్తాను, కూర్చోండి. రేపు ఏడింటికీ కూర్చోండి."

"కేకంతా తిన్నానే. వినపడలేదా?"

"వినపడింది. ఒక కుట్టు తప్పు పడితే నేను ఆ కుట్టు విప్పుతాను. చొక్కా చించి పోగులు పెట్టను. మీకు బుద్ధి వచ్చిన ప్రతిసారీ రెండు అంగుళాలు పెరిగారు. ఆ బుద్ధి నాకొద్దు."

మేస్త్రీ కూర్చున్నాడు. కడుపులో కేకు పెట్టుకుని, ఏడున్నరకి ఇంత అన్నం, కూర తినడం ఆయన చేసిన పస్తులన్నిటికంటే కష్టమైంది. తనని తాను తిట్టుకోవడానికి ఖాళీ దొరకలేదు. మర్నాడు సాయంత్రం పెట్టె కింది అర జ్ఞాపకం వచ్చింది గాని, చెయ్యి దానంతటది వెళ్ళలేదు. అడిగి వెళ్ళాలని చూసింది. అడిగితే కాదనడానికి ఆయనకి అవకాశం ఉంది. కొన్నిసార్లు కాదన్నాడు. కొన్నిసార్లు సరే అన్నాడు. సరే అన్న రోజులు వారానికి మూడు నుంచి ఒకటికి, ఒకటి నుంచి నెలకి రెండుకి వచ్చాయి.

వలయాన్ని పుల్ల కొత్తగా చేసిచ్చాడు. భార్య దాన్ని గుడ్డల బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆరో నెల చివరి ఆదివారం అది పొట్ట మీద ఆగింది. ఊపిరి వదిలితే దాటింది. నడుము నలభై మూడుంపావు. బాయిలర్ కన్నం ఇనుప చువ్వ కాదు, అంచు రెండు అంగుళాల మందం ఉంటుంది. పడతాడో పట్టడో ఇంట్లో ఎవరూ పందెం కాయలేదు.

బాయిలర్ తెరిచిన రోజు పొద్దున మేస్త్రీ ఏడింటికి రెండు గుడ్లు, మూడు రొట్టె ముక్కలు, టీ తీసుకున్నాడు. ఎనిమిదిన్నరకి హాస్పిటల్‌కి వెళ్ళాడు. గదిలో ఇంజనీరు, పుల్ల, లాండ్రీ సూపర్వైజర్ ఉన్నారు. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళంతా ఆ రోజు మడతలన్నీ తలుపు దగ్గరే పెట్టుకున్నారు.

"తొందరేం లేదు మేస్త్రీ గారూ" అంది ఇంజనీరు.

ఎడమ చెయ్యి, తల, వంచిన కుడి భుజం. ఇరవై ఏళ్ళు దిగిన వరస ఒంటికి గుర్తుంది. పక్కటెముకలు గీసుకుంటూ వెళ్ళాయి. పొట్ట ఆగింది. కాళ్ళు నిచ్చెన మీద, తల చీకట్లో, మధ్యలో మేస్త్రీ.

"పడుతుందా?" అని తలుపు దగ్గర ఒకావిడ అడిగింది.

"సబ్బు తెమ్మంటారా? లాండ్రీలో దానికేం కొదవ" అంది ఇంకొకావిడ.

"ఊపిరి మొత్తం వదులు బావా" అన్నాడు పుల్ల. "ఇంకా వదులు. మాట్లాడకు."

చొక్కా గుండీ ఒకటి తెగి లోపల ఎక్కడో టింగుమంది. దాని వెనకాల మేస్త్రీ కూడా పడ్డాడు. తలుపు దగ్గర ఎవరో "పట్టాడు" అన్నారు, పోస్టు డబ్బాలో పార్సిల్ పట్టినట్టు.

లోపల ఇనుమూ తడీ కలిసిన పాత వాసన. మేస్త్రీ మోచేతుల మీద పాకి, నీళ్ళ గొట్టం వచ్చే చోటికి వెళ్ళి, వెల్లకిలా తిరిగి, పక్కకి ఒత్తిగిల్లి టార్చి వేశాడు. అడుగున మరక ఉంది. చిన్న సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు. మరక మీద మాత్రం చెక్క మీద కొట్టినట్టు మోగింది. గోరుతో గీరాడు. పొడి రాలి, గోరు లోపలికి దిగింది. అరచెయ్యి పొడవున గాడి.

ఆయన సుత్తి ఛాతీ మీద పెట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాడు. ఇంత లోతు గాడి ఆరు నెలల్లో పడదు. మూడేళ్ళు పడుతుంది. అంటే ఆయన రెండేళ్ళ సంతకాల కింద ఇది నిక్షేపంగా పెరిగింది. కొత్తది అని చెప్తే బయట ఉన్న ముగ్గురిలో ఎవరికీ తేడా తెలియదు. ఐదంగుళాల ముక్క లాంటి అబద్ధమే అదీ. ఆయన చేత్తో చేస్తే నున్నగా వస్తుంది. ఇక్కడ టేపు పట్టుకుని కొలిచేవాళ్ళు కూడా లేరు.

"బావా, ఏముంది?" అని పుల్ల కన్నంలోంచి అరిచాడు.

"నువ్వు మరక అన్నావే, అదిరా" అన్నాడు మేస్త్రీ. "గాడి. మూడేళ్ళ నాటిది. మేడమ్‌కి చెప్పు."

బయటికి రావడానికి లోపలికి వెళ్ళడంకంటే రెట్టింపు సమయం పట్టింది. వచ్చేసరికి సూపర్వైజర్ మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఎన్ని రోజులు ఆపాలి?"

"ఆ రేకు కోసి కొత్తది వెయ్యాలండి. పది రోజులు."

"పది రోజులు దుప్పట్లు ఎక్కడ ఉతికించను? రెండేళ్ళుగా ఏ బాధా లేకుండా నడిచింది. ఈయన లావుగా ఉన్నప్పుడే నయం" అన్నాడు సూపర్వైజర్, ఇంజనీరుతో.

ఆవిడ అతని వైపు చూడలేదు. "రెండేళ్ళ కాగితాలు మీవే కదా మేస్త్రీ గారూ?"

"నావేనండి. చూడకుండా పెట్టినవి."

"అలాగే రాసివ్వాలి మీరు. ఆ రెండు కాగితాల మీదా."

"రాస్తానండి."

రాశాడు. తలుపు దగ్గర మడతలు పెట్టేవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఆ బాయిలర్ పక్కనే రెండేళ్ళు నిలబడి పనిచేసింది వాళ్ళే. అందులో ఒకావిడ మేస్త్రీ వైపు చూసిన చూపుకంటే పొద్దున్నటి సబ్బు మాటే నయం అనిపించింది ఆయనకి.

ఇంజనీరు రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుంది. "వీటి మీద పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. పని మాత్రం మీరే చెయ్యాలి, ఇంకెవరికీ రాదు. రేపు ఎనిమిదింటికి దిగి కోతకి గుర్తులు పెట్టండి. ఎల్లుండి నుంచి వెల్డర్లు వస్తారు. వాళ్ళు చేసింది ప్రతిరోజూ మీరు లోపలికి వెళ్ళి చూడాలి. పది రోజులూ."

"వీణ్ణి కూడా నాతో దింపుతానండి. సుత్తి శబ్దం వినడం వీడు నేర్చుకోవాలి."

"ఇద్దరం పడతామా బావా?" అన్నాడు పుల్ల.

ఒంటిగంటకి హాస్పిటల్ క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ మేస్త్రీని చూసి అలవాటుగా రెండు ప్లేట్లు తీసింది. ఆయన ఒకటే అందుకున్నాడు. కూర్చుని తిన్నాడు. నమిలి, మధ్యలో నీళ్ళు తాగి, పుల్ల చెప్పేది వింటూ తిన్నాడు. ప్లేటు ఖాళీ అయింది.

"ఇంకాస్త వెయ్యనా? ఒంట్లో బాగాలేదా ఏంటి?" అంది ఆవిడ, గరిటె పైకెత్తి.

ఒంట్లో బాగానే ఉంది. అన్నం వేడిగా ఉంది. పొద్దుట జరిగినవన్నీ గొంతు దగ్గర కూర్చుని ఉన్నాయి. ఇంకో నాలుగు ప్లేట్లయితే అవి కిందికి దిగుతాయని ఆయనకి ఇరవై రెండేళ్ళ అనుభవం. ఆయన గరిటె వైపు చూశాడు. పుల్ల మాట్లాడటం ఆపి ఆయన వైపు చూశాడు. ఆవిడ ఇద్దరి వైపూ చూసింది.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రీ, గరిటె మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు ముందు లేచి నడు. నీ వెనకాలే వస్తాను."

పుల్ల ప్లేటులో ఇంకా సగం అన్నం ఉంది. దాన్ని వదిలేసి లేచాడు. మేస్త్రీ చూపు గరిటె మీంచి ఆ సగం అన్నం మీదికి వచ్చింది.

"అది కూడా తీసుకుపోరా" అన్నాడు.